రంపపు చేప: జన్యు వైవిధ్యం, సంరక్షణ

రంపపు చేప ముక్కు పొడవుగా సాగి, రెండంచులా పళ్లతో వడ్రంగి రంపాన్ని పోలి ఉంటుంది. చూపుకు సొరలా ఉన్నా ఇది రే చేపల వర్గానికి చెందింది. ప్రపంచంలో ఉన్నవి ఐదు జాతులు. ఐదూ అంతరించే ముప్పున్న జాబితాలోనే ఉన్నాయి. కారణాలు తెలిసినవే. ఏ చేప కోసం వేసిన వలైనా సరే, ఆ రంపం అందులో చిక్కుకుంటుంది. తీరం వెంట లోతు తక్కువ నీళ్లలో, నదులు సముద్రంలో కలిసే చోట్ల దీని పిల్లలు పెరుగుతాయి. వలల రద్దీ, మడ అడవుల నరికివేత కూడా అక్కడే ఎక్కువ. పైగా ఈడుకు రావడానికి ఏళ్లు పడుతుంది, ఈతకు పుట్టే పిల్లలు కొద్ది. సంరక్షణ నివేదికలు మామూలుగా ఎన్ని చేపలు మిగిలాయన్న ప్రశ్న దగ్గరే ఆగుతాయి. మిగిలినవాటిలో ఎన్ని తమ జన్యువులను తర్వాతి తరానికి అందిస్తున్నాయి, అవి ఏ తీరపు జన్యువులు అన్నది తేలనిదే ఆ లెక్కకు అర్థం లేదు.

జన్యువులను అలా ముందుకు అందించే వాటి సంఖ్యను ‘ప్రభావక జనాభా’ అంటారు. తలల లెక్కకూ దీనికీ ఎంత ఎడం ఉండగలదో న్యూజిలాండ్‌లోని టాస్మన్ అఖాతపు స్నాపర్ చేప చూపించింది. 1950 నుంచి దాచిన పొలుసుల్లోని డీఎన్‌ఏను పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, చేపలు లక్షల్లో ఉండగానే జన్యు వైవిధ్యం తగ్గుతూ వచ్చిందని తేలింది. ప్రభావక జనాభా వందల్లోనే ఉంది. ఒక్కో తల్లి లక్షల గుడ్లు పెట్టినా, ఒక ఏడాది బతికి బట్టకట్టే పిల్లలు కొద్ది కుటుంబాలవే కావచ్చు. వల నిండా చేపలు పడుతున్నంత మాత్రాన జాతి క్షేమంగా ఉందనుకోవడం ఎంత పొరపాటో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఫ్లోరిడాలో కథ తిరగబడింది. చిన్నపళ్ల రంపపు చేప అమెరికా తీరంలో చాలా చోట్ల కనుమరుగై, ముఖ్యంగా ఫ్లోరిడా దక్షిణ భాగానికి పరిమితమైంది. 2003లో అమెరికా దాన్ని ప్రమాదస్థితి జాతుల చట్టం కిందికి తెచ్చింది. ఇంత నష్టం తర్వాత జన్యు వైవిధ్యం చిక్కిపోయి ఉంటుందని చాలామంది అనుకున్నారు. 2011లో వెలువడిన విశ్లేషణలో వైవిధ్యం బాగానే నిలిచి ఉన్నట్టు, ప్రభావక జనాభా సుమారు 250 నుంచి 350 వరకు ఉన్నట్టు తేలింది. ఆయుష్షు ఎక్కువైన చేప కాబట్టి, పతనమంతా కొన్ని తరాల్లోనే జరిగిపోయింది. జన్యువులు జారిపోయేందుకు ఇంకా వ్యవధి చాలలేదు. 2015లో మరో వింత బయటపడింది: తల్లి మగచేపతో జతకట్టకుండానే పుట్టిన పిల్లలు సహజ జలాల్లో ఏడు దొరికాయి. తోడు దొరకని ఆడచేపలకు ఇదే దారయి ఉండవచ్చని పరిశోధకుల ఊహ. ఇలాంటి పుట్టుకను జాతికి రక్షణ అని సంబరపడేందుకు లేదు. ఆ పిల్లల్లో తల్లి వైవిధ్యం కూడా పూర్తిగా ఉండదు.

వైవిధ్యం నిలిచే ఉంటే ఇక ఆందోళన ఎందుకని అడగవచ్చు. అట్లాంటిక్ కాడ్‌ను చూపించి ఈ వాదాన్ని ఇంకా బలంగానే వినిపించవచ్చు: 1992లో కెనడా వేట నిషేధించాల్సి వచ్చేంతగా కుప్పకూలిన ఆ చేపలో, పాత నమూనాలను నేటి జన్యుక్రమాలతో పోల్చిన 2021 అధ్యయనానికి పెద్ద వైవిధ్య నష్టం కనిపించలేదు. నిజమే. అయితే అది మిగిలిన అవకాశానికి సాక్ష్యం, ఉపేక్షకు అనుమతి కాదు. జనాభా తక్కువగా ఉన్నంతకాలం ప్రతి తరంలో కొంత వైవిధ్యం జారుతూనే ఉంటుంది. 2024లో ఫ్లోరిడా కీస్ ప్రాంతంలో అంతుపట్టని గిరికీల జబ్బుతో 50కి పైగా రంపపు చేపలు చనిపోయాయి. మూడు వందల ప్రభావక జనాభా ఉన్నచోట అది చిన్న దెబ్బ కాదు.

సముద్రానికి గోడలు లేవు కదా, ఒకచోట తగ్గితే మరోచోటి నుంచి వచ్చి చేరతాయనేది రెండో అభ్యంతరం. ఉత్తర ఆస్ట్రేలియాలో పెద్దపళ్ల రంపపు చేపపై జరిగిన పరిశోధన దీనికి జవాబు. తండ్రి, తల్లి ఇద్దరి నుంచీ వచ్చే డీఎన్‌ఏలో ప్రాంతాల మధ్య తేడా అంతగా లేదు. తల్లి నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియల్ డీఎన్‌ఏలో తేడా స్పష్టంగా ఉంది. మగవి తిరుగుతాయి, ఆడవి పుట్టిన ప్రాంతాన్ని వదలవు. ఒక నదీముఖంలో తల్లుల వంశం తుడిచిపెట్టుకుపోతే పక్క తీరం నుంచి వచ్చే మగచేపలు దాన్ని తిరిగి నిలబెట్టలేవు. హేచరీలో పెంచి వదలడమూ తేలిక పరిష్కారం కాదు. కొద్ది తల్లిచేపల పిల్లలతో సముద్రాన్ని నింపితే సంఖ్య పెరిగి వైవిధ్యం పలచబడుతుంది; తల్లిచేపలను (బ్రూడర్లను) మార్చకుండా పిల్లలను (సీడు) తీస్తే ఏమవుతుందో కోస్తా చెరువుల రైతులకు చెప్పనక్కర్లేదు.

భారత్ 2001లో రంపపు చేపలను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. వేట నిషేధం అవసరమే గాని, పొరపాటున చిక్కినదాన్ని వల కోసి వదిలే మత్స్యకారుడికి ఆ వల ఖరీదు ఎవరిస్తారో తేల్చకపోతే చట్టం రేవు దాటి నీళ్లలోకి దిగదు. ఇక ఏ తీరంలో ఏ జన్యువులు ఉన్నాయో తేల్చే జన్యు పరిశీలనకు కొత్తగా చేపలను చంపనక్కర్లేదు. దశాబ్దాల నాటి ఎండు రంపం నుంచి కూడా డీఎన్‌ఏ తీయవచ్చు. మ్యూజియాల్లో, కళాశాలల జంతుశాస్త్ర విభాగాల్లో అలాంటి రంపం ఉంటే, అది ఏ రేవులో, ఏ ఏడాది దొరికిందో పక్కన రాసి ఉంచాలి.