తప్పు ఎవరితో తేల్చుకోవాలి? తూర్పు కనుమల్లో క్షమాపణ కథ

పందొమ్మిదో శతాబ్దం మధ్యలో గంజాం కొండల కొందులు తమ భూదేవతకు ఒక విన్నపం చేసుకున్నారు. ఇకనుంచి నీకు మనిషి నెత్తురు ఇవ్వలేం, పశువుల నెత్తురుతో సర్దుకో; కోపమొస్తే మా మీద కాదు, ఆపించిన ఈ దొర మీద తీర్చుకో; తట్టుకునే సత్తువ ఆయనకుంది, మా తప్పేం లేదు అన్నారు. ఆ దొర జాన్ క్యాంప్‌బెల్, కుంఫిణీ సైన్యంలో అధికారి. మెరియా అనే నరబలిని మాన్పించడానికి కొండలెక్కినవాడు. పదమూడేళ్ల ఆ కొలువు గురించి 1864లో పుస్తకం అచ్చు వేయిస్తూ, ఈ విన్నపాన్నీ అందులో ఎక్కించాడు. బలి ఆగితే చాలనుకున్న సర్కారుకు ఆ పాపం మోయడం పెద్ద బరువనిపించి ఉండదు.

అంతకుముందు కూడా వాళ్లు పాపాన్ని గాలికి వదిలెయ్యలేదు. బలికి తెచ్చిన మనిషిని వెల పెట్టి కొన్నాం, ఎత్తుకు రాలేదు, కాబట్టి పాపం మాకంటదని ఆ తంతులోనే చెప్పుకునేవారట. క్యాంప్‌బెల్ తోటి అధికారి మెక్‌ఫర్సన్ నివేదికల్లో ఆ సంగతి ఉంది. పాపం లేదనుకునేవాడు అంటదని చెప్పుకోవాల్సిన పనేముంది?

ఈ కొండల్లోకి క్రైస్తవం రావడం గురించి రెండు కథలు చెలామణిలో ఉన్నాయి. పాపమంటే ఏమిటో తెలియని వాళ్లకు మేమే తెలియజెప్పి విడుదల చేశామన్నది మిషన్ సభల్లో వినిపించే కథ. ఏ బాధా లేని అడవి బిడ్డలకు మిషనరీలు అపరాధ భావం అంటించి పోయారన్నది దానికి ఎదురు కథ. నాకు రెండూ నమ్మబుద్ధి కావు. తప్పు చేశానన్న బాధ ఇక్కడ ముందూ ఉంది, తర్వాతా ఉంది. మారిందల్లా దాన్ని ఎవరితో తేల్చుకోవాలన్నదే.

పాపికొండల కొండరెడ్ల మధ్య తిరిగి 1945లో వాళ్ల మీద పుస్తకం రాసిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్, 1974లో ఈ పాప భావన మీదే ఒక వ్యాసం రాశాడు. చాలా గిరిజన సమాజాల్లో తప్పు అంటే మనుషుల మధ్య వ్యవహారమే తప్ప, దేవుడి దగ్గర మిగిలే బాకీ కాదని ఆయన వాదం. అందులో సగం నిజం ఉంది. కొండ ఊళ్లలో పెద్దలు కూర్చుని తప్పు వేస్తారు. డబ్బో, మేకో, కల్లో ఇచ్చుకోవాలి. అందరూ కలిసి తిని తాగాక ఆ గొడవ ముగిసినట్టే లెక్క. మిగతా సగం ఆయన సూత్రానికి లొంగదు. నొచ్చుకున్నది పక్కింటివాడు కాక నేలతల్లో, చనిపోయిన తండ్రో అయినప్పుడు మేకతో పని తీరదు.

విశాఖపట్నం రేవులో లండన్ మిషన్ వాళ్లు 1805లోనే దిగారు. జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ అక్కడే తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదం మొదలుపెట్టారు. అరకు అక్కడికి నూటపది కిలోమీటర్ల పైచిలుకు, అంతే. అయినా మన్యం జ్వరాలు, దారిలేని ఘాట్లు దాటి ఈ వైపు కొండల్లో మిషన్ నిలదొక్కుకోవడానికి మరో 77 ఏళ్లు పట్టింది, అదీ విశాఖ వైపు నుంచి కాదు. జర్మనీ ఉత్తర కొసన బ్రెక్లుం అనే పల్లెలో క్రిస్టియన్ యెన్‌సెన్ అనే పాస్టరు 1876లో ఒక మిషన్ సంఘం పెట్టాడు. ఆ సంఘం మనుషులు 1882లో కోరాపుట్ చేరారు. తర్వాత సాలూరు, పార్వతీపురం వాళ్ల కేంద్రాలయ్యాయి. అరకు వెనకవైపు కొండలకు సువార్త సముద్రం నుంచి కాక జయపురం సంస్థానం మీదుగా దిగివచ్చిందన్నమాట.

వచ్చినవాళ్లు లూథరన్లు. వాళ్ల గురువు మార్టిన్ లూథర్ సన్యాసిగా ఉన్నప్పుడు గంటల తరబడి పాపసంకీర్తనం చేసినా మనసు కుదుటపడక అల్లాడినవాడు. చివరికి మన క్రియలతో కాదు, కృపను నమ్మడం వల్లే నీతిమంతులమవుతామని తేల్చుకున్నాడు. బ్రెక్లుం వాళ్లు ఆ సంప్రదాయంలోనూ భక్తి ఉద్యమపు శాఖ. ఎవరి పాపాన్ని వాళ్లే గుండెల్లో గుర్తెరగాలి, ఒప్పుకోవాలి, క్షమాపణను నమ్మి లేవాలి అనేవారు. ఈ పట్టింపుతో వాళ్లు కొండ మనిషిని నీ పాపం నీకు తెలుస్తోందా అని అడిగారు. అతనికి తోచే ప్రశ్న వేరు: నా వల్ల నొచ్చుకున్నది ఎవరు? ఈ రెండు ప్రశ్నల మధ్య దూరం దాటడానికి ముందు భాష కావాలి. బ్రెక్లుం మిషన్‌కు చెందిన షుల్జె అనే ఆయన 1911లో కువీ భాషకు వ్యాకరణం అచ్చు వేయించాడు. అరకు కొందులు ఇంట్లో మాట్లాడేది ఆ కువీయే.

క్రైస్తవంలోకి మొదట గుంపులుగా వచ్చింది మాత్రం కొందులు కాదు, డొంబులు. నేత, వాద్యం, చిల్లర బేరాలు వాళ్ల బతుకు. బ్రిటిష్ రికార్డులు ఆ కులం మొత్తం మీద దొంగల ముద్ర కొట్టాయి. పుట్టుకతోనే నేరస్థుడన్న మాట పడ్డవాడికి, అందరూ పాపులే, దొర కూడా పాపే, క్షమాపణ అందరికీ ఒక్కటే అన్న బోధ చెవినపడితే అది అపరాధ భావం నింపుతుందా, దించుతుందా? దించిందనే నా అభిప్రాయం. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ మిషనరీలను నిర్బంధంలో పెట్టినా సంఘాలు చెదరలేదు. 1928లో జయపురం ఎవాంజెలికల్ లూథరన్ సంఘంగా నిలబడ్డాయి.

పశ్చాత్తాపాన్ని పాటగా తెలుగువాళ్ల నోట పలికించిన పురుషోత్తమ చౌదరి కూడా ఈ కనుమల పాదాల దగ్గరివాడే. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొంది, తెలుగులో కీర్తనలు కట్టాడు. తన అపరాధాన్ని దాచకుండా విప్పి చెప్పి, ఆ చరణంలోనే విడుదల పొందే తీరు తెలుగు క్రైస్తవ పాటకు అలవాటైందంటే ఆయన చేయి పెద్దది.

అసలు కథ నడిచింది ఆ పర్లాకిమిడికి పైన, సవరల దేశంలో. ఇటు సీతంపేట, అటు గజపతి, రాయగడ జిల్లాల కొండలు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు వెంకట రామమూర్తి సవర నేర్చుకుని, వాళ్ల పిల్లలకు బడులు పెట్టించి, 1931లో సవర భాష మీద పుస్తకం, 1938లో నిఘంటువు తెచ్చారు. వాడుక తెలుగు కోసం పండితులతో తలపడ్డ గిడుగే ఈ గిడుగు. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. 1970ల్లో పియర్స్ విటెబ్‌స్కీ అనే ఇంగ్లండు పరిశోధకుడు వాళ్ల ఊళ్లలో మకాం పెట్టి భాష నేర్చి, చనిపోయినవాళ్లతో సవరలు జరిపే సంభాషణలను దగ్గరగా విన్నాడు.

ఆ సంభాషణ నడిపించేది కురణ్. ఆంధ్ర వైపు ఎజ్జోడంటారు. చావు పనులు చూసే కురణ్‌లు చాలావరకు ఆడవాళ్లు. ఆమె కాళ్లు బారచాపి కూర్చుని, తనకు ముందు ఆ పని చేసి పోయినవాళ్లను పాటతో పిలుస్తుంది. పాట ఆగుతుంది, తల వాలుతుంది, ఒళ్లు కొయ్యబారుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు బిగుసుకున్న మోకాళ్లు వంచి, పిడికిళ్లు విప్పి సర్ది కూర్చోబెడతారు. ఇక చనిపోయినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఆమె నోటితో మాట్లాడతారు. ముందు సారా అడుగుతారు. తర్వాత నిలదీస్తారు. నేను మంచాన పడితే ఎందుకు చూడలేదు? నా సొమ్ము ఎవరు పట్టుకుపోయారు? నా పేరు ఇంకా ఏ బిడ్డకూ ఎందుకు పెట్టలేదు? బతికున్నవాళ్లు తలవంచుకుని ఊరుకోరు. అప్పుచేసి దున్నపోతును కోశాం కదా అంటారు, ఏడుస్తారు, ఎదురు తిడతారు, నవ్వుతారు కూడా. ఒక్క పూటతో తెగేది కాదు, ఏళ్లు పడుతుంది. మొదట్లో చచ్చినవాడు తనకొచ్చిన రోగాన్నే బతికున్నవాళ్లకు అంటించే సోనుం, అంటే ఆత్మ. మాటలు జరిగేకొద్దీ మెత్తబడి, చివరికి కులానికి పెద్దయి, పుట్టిన బిడ్డకు తన పేరు ఇచ్చి స్థిమితపడతాడు.

ఫ్రాయిడ్ 1917లో దుఃఖం గురించి రాస్తూ, పోయినవాళ్ల మీద నుంచి మనసును మెల్లగా మళ్లించుకోవడమే ఆరోగ్యమన్నాడు. సవరలు సరిగ్గా ఎదురు దారి పట్టారని విటెబ్‌స్కీ గమనించాడు. మళ్లించుకోవడం కాదు, మాట్లాడి మాట్లాడి సంబంధాన్నే మార్చుకోవడం. తన్ను తాను క్షమించుకోవాల్సిన అగత్యం సవరకు ఎందుకు పడుతుంది? క్షమించాల్సిన మనిషి ఎదురుగా కూర్చుని సారా తాగుతున్నాడు!

అలాంటి చోట కెనడా బాప్తిస్టుల బోధ నాటుకుంది. విటెబ్‌స్కీ మళ్లీ మళ్లీ వచ్చేసరికి కుర్రకారు చాలామంది క్రైస్తవులైపోయారు. చాలా కారణాలున్నాయి. దున్నపోతుల కోసం చేసిన అప్పులు తరాల తరబడి తీరేవి కావు. షావుకారు, గార్డు, పోలీసు ముందు నోరు లేని పెద్దల బతుకు చదువుకున్న పిల్లలకు వద్దనిపించింది. నాకు అన్నిటికన్నా బలంగా తోచే కారణం, రోగమొచ్చిన ప్రతిసారీ ఏ చచ్చినవాడికి ఏం అపచారం చేశామోనని వెతుక్కునే భయం. ఒక్కడే అందరి బదులూ చనిపోయాడు, ఇక ఏ పశువునూ కోయనక్కర్లేదు అన్న మాట కొండవాళ్లకు సిద్ధాంతంగా కాదు, లెక్కగా అర్థమైంది. బలికి బదులు బలి అన్నది వాళ్లకు కొత్త ఆలోచన కాదు కదా.

మారేటప్పుడు అన్నిటికన్నా ముందు వదిలింది సారా, జీలుగు కల్లు. బయటివాళ్లు దీన్ని దురలవాటు మానడంగానే చూస్తారు. తప్పు వేసి కలిసి తాగడం, చచ్చినవాళ్లకు పోసి మాట్లాడించడం, అలిగిన బంధువుతో మళ్లీ కలవడం, అన్నీ ఆ ముంతలోనే తేలేవి. దాన్ని వదిలితే రాజీ చేసుకునే సాధనమే పోతుంది. సంఘం దాని బదులు ఇంకోటి చూపించక తప్పలేదు. బాప్తిస్మానికి ముందు గెడ్డ ఒడ్డున అందరి ఎదుటా ఒప్పుకోలు, ఆరాధనలో లేచి చెప్పే సాక్ష్యం, ఉపవాస ప్రార్థన, వీటన్నిటి పైన ప్రభువు బల్ల. అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా ఉంటే ఆ నెల ఒకడు బల్ల తీసుకోడు. రొట్టె పళ్లెం తన దగ్గరికి వచ్చినప్పుడు పక్కవాడికి అందించేస్తాడు. వరస చివర కూర్చున్న వదిన దాకా అందరికీ సంగతి తెలిసిపోతుంది. వచ్చే నెలలోగా పాస్టరు గారు ఇద్దరినీ కూర్చోబెట్టాల్సిందే. తెలుగు సంఘాలన్నిటా ఉన్న పద్ధతే ఇది. కులపెద్దల పంచాయితీ చూసిన ఊళ్లో దీని బరువు వేరు.

కతోలికులది ఇంకో దారి. ఫ్రాన్సిస్ ద సేల్స్ సభ గురువులు 1846లో విశాఖ చేరారు. వాళ్ల సంఘంలో ఏడాదికొక్కసారైనా పాపసంకీర్తనం చేసి తీరాలన్న నియమం 1215 నాటిది. ఒప్పుకోలు గురువు చెవిలోనే ఉండిపోతుంది. గుట్టు దాచుకోవాలనుకునేవాడికి అది నిజంగా మేలు. నలుగురి మధ్య తేల్చుకునే అలవాటున్న ఊరికి మాత్రం కాస్త పొడిగా అనిపించి ఉండొచ్చు.

నిన్ను నువ్వు క్షమించుకో అన్న మాట వీటన్నిటి తర్వాత, నిన్న మొన్న వచ్చింది. అమెరికాలో లూయిస్ స్మీడ్స్ 1984లో క్షమాపణ మీద రాసిన పుస్తకంలో తనను తాను క్షమించుకోవడానికి చోటిచ్చాడు. అలాంటి పుస్తకాలు ఆ మాటను క్రైస్తవుల ఇళ్లలోకి తెచ్చాయి. ఇప్పుడు ఫోన్లో తిరిగే తెలుగు ప్రసంగాల్లోనూ అది మామూలైంది. బైబిల్లో వెతికితే ఆ ఆజ్ఞ దొరకదు. పౌలు కొరింథువాళ్లకు రాస్తూ, నన్ను నేను కూడా విమర్శించుకోను, విమర్శించేవాడు ప్రభువే అంటాడు. తీర్పు చెప్పే కుర్చీలోంచి తనే లేచిపోయాడన్నమాట. క్రైస్తవ విశ్వాసంలో అపరాధ భావం వదిలెయ్యడమంటే అసలు పద్ధతి అదే. నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాననేవాడు ఆ కుర్చీని ఇంకా పట్టుకు కూర్చున్నాడు.

కొండ సంఘాలకు నా లెక్క ప్రకారం సరిపోయే మనిషి జక్కయ్య. సుంకరి, జనాన్ని దోచినవాడు. యేసు ఇంటికి వచ్చిన రోజు, అన్యాయంగా లాక్కున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. క్షమాపణ దొరికింది కాబట్టి ఇచ్చుకోవాల్సింది లేదని చేతులు దులుపుకోలేదు. తప్పు వేసి తేల్చుకునే ఊరివాళ్లకు ఈ కథ విడమర్చి చెప్పాల్సిన పనిలేదు. మనసులో నొప్పి పోతే చాలన్నట్టు మాట్లాడే ఇప్పటి ప్రసంగాల్లో ఈ నాలుగింతలు వినిపించకపోవడం నాకు నచ్చదు. పోడు భూమి కాజేసినవాడు తనను తాను క్షమించుకుంటే పోగొట్టుకున్నవాడికి ఒరిగేదేముంది?

చిక్కల్లా, తిరిగి ఇచ్చుకోవడానికి మనిషే లేనప్పుడు వస్తుంది. విటెబ్‌స్కీ సవరల మీద 2017లో రాసిన పుస్తకం దీని గురించే. తల్లి చివరి రోజుల్లో కూలికి వెళ్లి దగ్గర లేకపోయిన కొడుకు క్రైస్తవుడైతే, ఆమె యేసు దగ్గర ఉందన్న నిబ్బరం అతనికి ఉంటుంది. ఆమె రోగమై తిరిగొస్తుందన్న భయం ఉండదు. నువ్వెందుకు రాలేదురా అని ఆమె అడగదు, కాబట్టి జవాబు చెప్పుకునే వీలూ ఉండదు. సవర కుర్రవాళ్లు భయాన్నీ సంభాషణనూ ఒకేసారి పోగొట్టుకున్నారు. మొదటిదాని గురించే మిషన్ పత్రికలు రాశాయి.

తెలుగు క్రైస్తవులు ఏడాది తిరిగేసరికి పెట్టుకునే జ్ఞాపకార్థ కూడికలో ఆ రెండోది కొంత మిగిలింది. పోయినావిడ ఫొటోకు దండ వేయాలా వద్దా అని ముందు చిన్న వాదన జరుగుతుంది. వాక్యం అయ్యాక బంధువులు ఒక్కొక్కరే లేచి మాట్లాడతారు. పొగడ్తలు అయిపోయాక ఎవరో ఒకరు, అమ్మకు బాగోలేదని కబురొచ్చినా నేను సమయానికి రాలేకపోయాను అంటారు. పాస్టరు గారు ఆ మాటను ముగింపు ప్రార్థనలో కలుపుతారు. తర్వాత భోజనాలు.