రెండు పట్టికలు కలపాలంటే: పేరు కాదు, ఎమిస్ నంబరు

స్కాలర్‌షిప్ జాబితాకి బడిలో రెండు పట్టికలు కలపాల్సి వస్తుంది. ఒకదాంట్లో పేరు, తరగతి ఉంటాయి. ఇంకోదాంట్లో బ్యాంకు ఖాతా. ఏ ఖాతా ఏ బిడ్డదో తెలియాలంటే రెండింట్లోనూ ఒకే గుర్తు ఉండాలి. దాన్నే కీ అంటారు.

పేరు కీగా పనికిరాదు. తిరుత్తణి స్వామి పేరు పెట్టుకున్న పిల్లలు మన పక్క ఎంతమందో! ఒకచోట సుబ్రమణి అని, ఇంకోచోట సుబ్రహ్మణ్యం అని ఉంటుంది. ఒక కాగితంలో తెలుగు ఇంటిపేరు, ఇంకోదాంట్లో నాన్న పేరు మొదటి అక్షరం. మనకి ఒకే పిల్లవాడు, కంప్యూటరుకి ఇద్దరు. అందుకే తమిళనాడు బళ్లలో ప్రతి విద్యార్థికీ ఉండే ఎమిస్ నంబరుతోనే కలపాలి.

ఎక్సెల్‌లో దీనికి వీలుకప్ ఉంది. చివర ఫాల్స్ అని వేయడం మరవకండి, లేకుంటే దగ్గరి నంబరు పట్టుకుని పక్కవాళ్ల ఖాతా తెచ్చిపెట్టవచ్చు. ఒక పట్టికలో నంబరు అంకెగా, రెండోదాంట్లో టెక్స్ట్‌గా ఉన్నా జత కుదరదు. జత దొరకని లైన్లో ఎన్ఏ అని వస్తుంది. ఆ లైను తీసేస్తే ఆ బిడ్డ జాబితాలోనే ఉండదు. డేటాబేసులోనూ అంతే: ఇన్నర్ జాయిన్ జత లేనివాళ్లని చప్పుడు లేకుండా వదిలేస్తుంది, లెఫ్ట్ జాయిన్ మొదటి పట్టికలోని అందరినీ ఉంచుతుంది.

తల్లిదండ్రులు పాస్‌బుక్ జెరాక్స్ ఇచ్చేటప్పుడు దానిమీద బిడ్డ ఎమిస్ నంబరు రాసి ఇవ్వండి.