తప్పులో వాటా ఎవరికి?

గాయపడ్డవాడి అజాగ్రత్త కొంచెమున్నా పరిహారం మొత్తం పోతుంది. 1809లో ఇంగ్లండులో బటర్‌ఫీల్డ్ కేసు పెట్టిన సూత్రమిది. దారికి అడ్డంగా కర్ర పెట్టినవాడు బయటపడ్డాడు, గుర్రాన్ని జోరుగా తోలి పడ్డవాడు నష్టపోయాడు. తర్వాత ఫ్యాక్టరీ కూలీల మీదా యజమానులు ఇదే వాదం తెచ్చారు. తప్పుని వాటాలేసి, ఆ మేరకే పరిహారం తగ్గించాలన్న చట్టం అక్కడ 1945లో గానీ రాలేదు.

మన దేశంలో 1923 కార్మిక నష్టపరిహార చట్టం యజమాని తప్పు రుజువు చెయ్యక్కర్లేదంది. అయితే కార్మికుడు తాగి ఉన్నాడనో, రక్షణ సాధనం కావాలనే తీసేశాడనో చూపిస్తే గాయానికి పరిహారం ఎగ్గొట్టొచ్చు. చావుకి, శాశ్వత పూర్తి వైకల్యానికి మాత్రం ఆ సాకు చెల్లదు.

మరి మ్యాన్‌హోల్‌లో చనిపోయిన మనవాళ్ల సంగతేంటి? "మాస్కు లేకుండా ఎందుకు దిగాడు?" అంటారు. మాస్కు ఎవరిచ్చారు? ఆ పనికి ఆ కులంవాణ్ణే ఎందుకు పిలిచారు? రక్షణ లేకుండా దించడాన్ని 2013 చట్టం నేరమంది. 1993 నుంచి అలా చనిపోయిన ఒక్కొక్కరి కుటుంబానికి 10 లక్షలివ్వమని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది, 2023లో ఆ మొత్తాన్ని 30 లక్షలు చేసింది. చనిపోయినవాడి తప్పెంత శాతమని లెక్కగట్టలేదు.

కాదనే వీలున్నవాడి అజాగ్రత్తనే తప్పనాలి. ఆ వీలుని కులం ముందే లాక్కున్నచోట, వాటాల లెక్క దించినవాడి దగ్గరే మొదలవ్వాలి.