వకాల్తా, నిపుణుల సాక్ష్యం, జామీను: శ్రీకాకుళం–విజయనగరం కోర్టు నియమాల చరిత్ర

ఉత్తరాంధ్రలో కోర్టు నియమాలు చాలాకాలంగా రెండు పాయలు: మైదానానికి ఒకటి, కొండలకు ఇంకొకటి. జమీందారీ అలజడులపై జార్జ్ రస్సెల్ ఇచ్చిన నివేదిక దరిమిలా వచ్చిన 1839 నాటి 24వ చట్టం, గంజాం, విశాఖపట్నం జిల్లాల ఏజెన్సీని మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరుకు అప్పగించింది. శిస్తు వసూలు చేసే దొరే తీర్పరి కూడా. సివిల్ వ్యాజ్యాల కోసం 1924లో ఏజెన్సీ రూల్స్ వచ్చాయి. విశాఖ ఏజెన్సీలోని ప్రత్యేక నియమాలకు భంగం కలగదని సివిల్ ప్రొసీజర్ కోడ్ మొదటి సెక్షనే ఇప్పటికీ చెబుతోంది.

శ్రీకాకుళం రైతాంగ పోరాటం రగులుతున్న 1970లో సవరించిన భూ బదలాయింపు నిబంధన రుజువు భారాన్నే తిప్పేసింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే కోర్టు ముందుగా భావిస్తుంది. కాదని అతనే రుజువు చేసుకోవాలి.

మైదానంలో వకీళ్ల సంగతి తెలియాలంటే గురజాడ ‘కన్యాశుల్కం’ (1897) చాలు. అందులోని నాయుడు ప్రైవేటు వకీలు, అంటే సనదు లేనివాడు. 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టం వచ్చాక కూడా అలాంటివాళ్లు కచేరీల చుట్టూ బతికారన్నమాట. 1961 అడ్వొకేట్స్ చట్టంతో న్యాయవాదులంతా ఒకే తరగతి అయ్యారు. కక్షిదారు సంతకంతో వకాల్తా దాఖలైతే, కేసు ముగిసేదాకా అది అమల్లో ఉంటుంది. మధ్యలో రద్దు చేసుకోవాలంటే కోర్టు అనుమతి కావాలి.

నిపుణుల సాక్ష్యానికి 1872 సాక్ష్య చట్టం 45వ సెక్షన్ దారి చూపింది. వేలిముద్రలను అందులో చేర్చింది 1899లో. నిశానీలతో నడిచిన భూమి కాగితాల తగాదాల్లో ఇది చిన్న మార్పేమీ కాదు. చేతిరాత నిపుణుడి మాటను జాగ్రత్తగా తూచాలి గాని, మరో సాక్ష్యం బలపరచలేదన్న ఒక్క కారణంతో తోసిపుచ్చరాదని 1980లో మురారీలాల్ కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి తేల్చారు. 2024 జూలై 1 నుంచి ఆ సెక్షన్ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం 39వ సెక్షన్ అమల్లోకి వచ్చింది.

పేదవాడికి గండం మాత్రం జామీను దగ్గరే. బెయిలు ఉత్తర్వు చేతికొచ్చినా, ఆస్తి కాగితాలు పట్టుకుని పూచీ నిలబడే మనిషి దొరకాలి. ముద్దాయి వాయిదాకు ఎగ్గొడితే బాండు సొమ్ము ఆ పూచీదారు మెడకే చుట్టుకుంటుంది. కట్టకపోతే సివిల్ జైలు ఆరు నెలల దాకా.

1978లో మోతీరాం అనే తాపీమేస్త్రి కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. అడిగిన జామీను పది వేలు. సోదరుడు పూచీ పడతానంటే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని తప్పుపట్టి, వెయ్యి రూపాయల సొంత పూచీపై విడుదల చేయమన్నారు. దక్షిణాది మనిషి పోర్ట్‌బ్లెయిర్‌లోనో, బస్తర్‌లోనో అరెస్టయితే స్థానిక జామీను ఎక్కడి నుంచి తెస్తాడని నిలదీశారు. పోర్ట్‌బ్లెయిర్‌కు వలసపోయిన తెలుగువాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం కూలీలు ఎందరో. ఆ ప్రశ్న అచ్చంగా వాళ్లదే.

తీర్పు వచ్చినా అలవాటు పోలేదు. బెయిలొచ్చిన నెలలోగా జామీను సమర్పించలేకపోతే కోర్టే చొరవ తీసుకుని షరతులు సడలించవచ్చనీ, స్థానిక జామీనే కావాలని పట్టుబట్టడం జాప్యానికి ఒక కారణమనీ 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది.