గ్యాలరీలో పడ్డ బంతి ఎవరిది?

బేస్‌బాల్ మ్యాచ్ చూడబోయి, గ్యాలరీలోకి వచ్చిపడ్డ బంతిని తిరిగి ఇవ్వనందుకు పదకొండేళ్ల పిల్లవాణ్ని రాత్రంతా జైల్లో ఉంచారు. ఇది 1920ల మొదట్లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, బేకర్ బౌల్ మైదానంలో జరిగింది. క్లబ్బు వాళ్లు దొంగతనం కింద కేసు పెట్టారు. మర్నాడు జడ్జిగారి ముందు నిలబెడితే, పిల్లలకు సహజమైన పనే ఈ పిల్లవాడు చేశాడని, ఆ చోట తానున్నా అదే చేసేవాణ్నని ఆయన చెప్పి ఇంటికి పంపించేశారు. ఈ సంగతి చదివిన రోజు నుంచీ ఆ జడ్జిగారంటే నాకు గొప్ప అభిమానం. ఆ అభిమానమే నన్ను ఈ బంతి చరిత్ర వెంట పరిగెత్తించింది.

ఎందుకంటే ఇప్పుడు అదే దేశంలో బంతి పట్టిన పిల్లల్ని మైదానంలోని పెద్ద తెర మీద చూపిస్తారు. చుట్టుపక్కల వాళ్లు లేచి చప్పట్లు కొడతారు. బంతి ఇంటికెళ్లి షోకేసులో చేరుతుంది. ఆడుతున్న ఆటలోంచి బంతి తీసుకుపోతే ఎవరికీ కోపం రాకపోవడం, క్రికెట్ చూసి పెరిగిన మనకు వింతే. ఉప్పల్‌లోనో విశాఖలోనో సిక్సర్ వచ్చి ఒళ్లో పడితే, కెమెరాకి ఓసారి చూపించి తిరిగి విసిరెయ్యాల్సిందే. క్రికెట్‌లో బంతి అరగడం ఆటలో భాగం. టెస్టు మ్యాచ్‌లో కొత్త బంతి అడగాలంటే 80 ఓవర్లు ఆగాలి. ఈలోగా మెరుపు తగ్గి స్పిన్నర్ల చేతికి అనువవుతుంది. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు గరుకుగా తయారైతే రివర్స్ స్వింగ్ మొదలవుతుంది. ఆ బంతి పోతే దాదాపు అంతే అరిగినదాన్ని వెతికి తేవాలి. అందుకే మన దగ్గర తిరిగి ఇచ్చెయ్యడమే మర్యాద.

బేస్‌బాల్ కూడా ఒకప్పుడు అచ్చం ఇలాగే ఉండేది.

న్యూయార్క్‌లో నికర్‌బాకర్ క్లబ్బు తన నియమాలు రాసుకున్నది 1845లో. ఆ రోజుల్లో బంతి చేత్తో కుట్టేవారు, దొరకడమూ కష్టమే. మ్యాచ్ గెలిచిన జట్టుకి ఆ బంతే బహుమతి. దానికి రంగు పూసి, పైన తేదీ, స్కోరు రాయించి క్లబ్బు గదిలో దాచుకునేవారు. ఆ శతాబ్దం చివరి దశకాల్లో ఆట టికెట్టు పెట్టి చూసే వినోదమయ్యాక కూడా బంతి విలువ తగ్గలేదు. బంతి కనబడకుండా పోతే ఐదు నిమిషాలు వెతికాకే కొత్తది అడగాలని నియమం ఉండేది. ప్రహరీ బయట పిల్లలు కాపు కాసేవాళ్లు. బంతి తెచ్చి గేటు దగ్గర ఇస్తే టికెట్ లేకుండా లోపలికి పంపేవారు. మన వీధి క్రికెట్‌లో గోడ దూకి బంతి తెచ్చినవాడికి తర్వాతి బ్యాటింగ్ ఇచ్చినట్టే. ఆ గేటు దగ్గరి ఒప్పందం పోయినందుకు నాకు నిజంగా బాధగా ఉంది. డబ్బుల్లేని పిల్లవాడికి ఆట చూసే హక్కు తన కాళ్ల చురుకుతో సంపాదించుకునే దారి అది ఒక్కటే.

ఇరవయ్యో శతాబ్దం మొదటి రెండు దశకాల్లో బంతి ఎలా ఉండేదో ఒకసారి చూడాలి. మ్యాచ్ మొదలైనప్పుడు తెల్లటి తోలు. రెండు మూడు ఇన్నింగ్స్ గడిచేసరికి పిచ్చర్లు, అంటే బంతి విసిరేవాళ్లు, దాని మీద పొగాకు నమిలి ఉమ్మేవాళ్లు, మట్టి రాసేవాళ్లు, లికొరైస్ (అతిమధురం) రసం పూసేవాళ్లు. బంతికి ఉమ్మి రాయడం అప్పట్లో నియమాలు ఒప్పుకున్న పనే. సాయంత్రానికి బంతి నల్లబడి, మెత్తబడి, ఒకవైపు నొక్కుకుపోయి ఉండేది. అప్పటి మైదానాల్లో దీపాలు లేవు. ఎండ వాలాక ఆ బంతి బ్యాటర్ కంటికి ఆనేది కాదు. అయినా మార్చేవారు కాదు, ఒక్కో బంతికీ డాలరు పైన ఖర్చు. అందుకే ఫౌల్ బంతి (గీత బయటికి పోయిన బంతి) గ్యాలరీలో పడితే క్లబ్బు మనుషులు వరసల మధ్య దూరి లాక్కొచ్చేవాళ్లు. తోపులాటలు, చొక్కాలు చిరగడాలు మామూలే.

ఈ గొడవకు మొదట స్వస్తి చెప్పినవాడు చార్లెస్ వీగ్‌మన్. షికాగోలో చవక భోజనశాలలు నడిపి పైకొచ్చిన మనిషి. 1914లో ఆయన కట్టించిన మైదానమే నేటి రిగ్లీ ఫీల్డ్. 1916లో షికాగో కబ్స్ జట్టు కొనుక్కున్నాడు. ఆ ఏడాదే తన సిబ్బంది ప్రేక్షకులతో బంతుల కోసం కుస్తీ పడుతుంటే చూసి, వదిలెయ్యండి, పట్టుకున్నవాళ్లనే ఉంచుకోనివ్వండి అన్నాడు. మిగతా యజమానులకు ఇది గిట్టలేదు. వీగ్‌మన్ లెక్క వేరు. అన్నం పెట్టే వ్యాపారంలో ఉన్నవాడికి, వచ్చినవాణ్ని నొప్పించి పంపితే మళ్లీ రాడని తెలుసు. కొన్నేళ్లకే ఆయన వ్యాపారం దెబ్బతిని, జట్టు చూయింగ్ గమ్ వ్యాపారి విలియం రిగ్లీ చేతికి పోయింది, మైదానానికి పేరు కూడా రిగ్లీదే నిలిచింది. బంతి ఇంటికి తెచ్చుకున్న ప్రతి ప్రేక్షకుడూ తలుచుకోవాల్సిన పేరు మాత్రం వీగ్‌మన్‌దే.

తర్వాతి మలుపు విషాదం. 1920 ఆగస్టు 16న న్యూయార్క్‌లోని పోలో గ్రౌండ్స్‌లో యాంకీస్ పిచ్చర్ కార్ల్ మేస్ విసిరిన బంతి క్లీవ్‌లాండ్ ఆటగాడు రే చాప్‌మన్ తలకు తగిలింది. చప్పుడు ఎంత గట్టిగా వచ్చిందంటే, బ్యాటుకే తగిలిందనుకుని మేస్ ఆ బంతిని అందుకుని ఫస్ట్ బేస్‌కి విసిరాడు. చాప్‌మన్ మర్నాడు తెల్లవారుజామున చనిపోయాడు. ఆయనకు 29 ఏళ్లు. మేజర్ లీగ్ ఆటలో పిచ్చర్ బంతి తగిలి ప్రాణం పోయింది ఈ ఒక్కసారే. బంతులు మరీ ఎక్కువ మారుస్తున్నారని యజమానులు గోల పెడితే, వీలైనంత వరకు పాతవే వాడమని లీగు అంపైర్లకు అంతకుముందే చెప్పి ఉంది. డాలరు కోసం చూసుకున్న ఆ పొదుపును నేను క్షమించలేను. చాప్‌మన్ పోయాక మాసిన బంతిని వెంటనే తీసెయ్యడం రివాజైంది.

తెల్లటి బంతి కంటికి బాగా కనబడుతుంది, గట్టిగా ఉంటుంది, దూరం పోతుంది. అప్పటికే బేబ్ రూత్ వచ్చేశాడు. 1919లో 29 హోమ్ రన్లు కొట్టినవాడు 1920లో 54, 1921లో 59 కొట్టాడు. హోమ్ రన్ అంటే బంతి గ్యాలరీలోకి పోవడమే కదా. జనం మధ్య పడే బంతులు పెరిగాయి, తగాదాలూ పెరిగాయి.

1921 మే 16న అదే పోలో గ్రౌండ్స్‌కి రూబెన్ బెర్మన్ అనే స్టాక్ బ్రోకర్ జెయింట్స్, సిన్సినాటి రెడ్స్ మ్యాచ్ చూడ్డానికి వచ్చాడు. ఫౌల్ బంతి ఒకటి పట్టుకున్నాడు. సిబ్బంది వచ్చి ఇమ్మన్నారు. బెర్మన్ వాళ్ల చేతిలో పెట్టకుండా వెనక్కి తిరిగి జనంలోకి విసిరేశాడు. ఆయన్ని క్లబ్బు ఆఫీసుకు తీసుకెళ్లి, అరెస్టు చేయిస్తామని బెదిరించి, గేటు బయటికి పంపేశారు. బెర్మన్ ఊరుకోలేదు. నలుగురిలో అవమానం జరిగిందని 20,000 డాలర్లకు దావా వేశాడు. కోర్టు ఇప్పించింది 100 డాలర్లు. ఆ కేసులో తేలాల్సింది అవమానం సంగతే తప్ప బంతి ఎవరిదన్నది కాదు. అయినా క్లబ్బులకు భయం పట్టుకుంది. బంతి ఖరీదు రెండు డాలర్లు, దాని కోసం కోర్టుకెక్కితే పోయేది వంద. అదే వేసవిలో పిట్స్‌బర్గ్‌లో కూడా బంతులు ఉంచుకున్న ప్రేక్షకుల్ని అరెస్టు చేయించారు. ఇలాంటి వాటిలో పోలీసులు ఇక తలదూర్చరని నగర అధికారులు తేల్చి చెప్పేశారు. ఆ తర్వాత వచ్చిందే మన ఫిలడెల్ఫియా పిల్లవాడి కేసు.

బెర్మన్ ఆ బంతిని తన దగ్గర ఉంచుకోలేదని గమనించండి. బంతి కోసం కాదు, మర్యాద కోసం కోర్టుకెళ్లిన మనిషి ఆయన. ఇప్పటికీ బేస్‌బాల్ అభిమానులు బంతి ఉంచుకునే హక్కును రూబెన్ పేరుతోనే చెప్పుకుంటారు.

ఆ తర్వాత దశాబ్దాలు తొందరగా గడిచిపోయాయి. 1930ల్లో యాంకీ స్టేడియంలో వలలో చిక్కిన బంతి కోసం వెళ్లిన కుర్రాణ్ని సిబ్బంది కొడితే పుర్రె చిట్లింది, కోర్టు 7,500 డాలర్లు ఇప్పించింది. దాంతో మొండిపట్టు పట్టిన క్లబ్బులు కూడా దారికొచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో మాత్రం పాత మర్యాద ఓసారి తిరిగొచ్చింది. సైనికులు ఆడుకోవడానికి పంపుతాం, బంతులు వెనక్కివ్వండని క్లబ్బులు అడిగితే, హక్కున్న జనమే తమంతట తాము విసిరేశారు. ఈ చరిత్ర మొత్తంలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే.

బంతి దక్కడమే కాదు, తగలడమూ ఉంది. 1957 ఆగస్టులో ఫిలడెల్ఫియా బ్యాటర్ రిచీ ఆష్‌బర్న్ కొట్టిన ఫౌల్ బంతి ఒకావిడ ముక్కు పగలగొట్టింది. ఆమెను స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే ఆయనే కొట్టిన ఇంకో ఫౌల్ వచ్చి మళ్లీ ఆమెకే తగిలింది. దశాబ్దాల పాటు ఇలాంటి దెబ్బలకు పూచీ ప్రేక్షకుడిదేనని కోర్టులు అంటూ వచ్చాయి. 2019లో హ్యూస్టన్‌లో ఒక పసిపాపకు బంతి తగిలాక, మరుసటి ఏడాదికల్లా మేజర్ లీగ్ జట్ల ముప్పై మైదానాల్లోనూ వలలు పొడిగించారు. వల వల్ల బంతులు తగ్గాయని విసుక్కునేవాళ్లున్నారు. ఆ విసుగుతో నాకు పొత్తు లేదు.

డబ్బు పెద్ద ఎత్తున ప్రవేశించింది 1998లో. ఆ ఏడాది మార్క్ మెక్‌గ్వైర్ ఒక సీజన్‌లో అత్యధిక హోమ్ రన్ల రికార్డు వెంట పరుగెడుతుంటే, అతనికి వేసే బంతుల మీద కంటికి కనబడని గుర్తులు పెట్టారు, నకిలీలు రాకుండా. 70వ హోమ్ రన్ బంతి సుమారు 30 లక్షల డాలర్లకు వేలంలో పోయింది. 2001లో బ్యారీ బాండ్స్ కొట్టిన 73వ హోమ్ రన్ బంతి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకతని గ్లవ్‌లో పడింది, వెంటనే గుంపు మీద పడింది, బంతి ఇంకొకతనికి దొరికింది. ఇద్దరూ కోర్టుకెళ్లారు. తరిమిన నక్క ఎవరిదన్న 1805 నాటి తీర్పు దాకా తవ్వి, చెరిసగం పంచుకోమన్నారు జడ్జి. బంతి 4,50,000 డాలర్లకు అమ్ముడైంది, మొదట పట్టుకున్నతనికి లాయరు బిల్లే తన వాటాను మించింది. 2024లో షోహెయ్ ఒహ్తానీ 50వ హోమ్ రన్ బంతి 43 లక్షల డాలర్లు దాటింది, దాని మీదా దావాలు పడ్డాయి. వీటి నడుమ 2011లో డెరెక్ జీటర్ 3,000వ హిట్ బంతి సెల్‌ఫోన్లు అమ్ముకునే ఒక కుర్రాడికి దొరికితే, చదువు అప్పులున్నా అమ్ముకోకుండా జీటర్ చేతికే ఇచ్చేశాడు. క్లబ్బు అతనికి మంచి సీట్లు, సంతకాలు చేసిన బ్యాట్లు ఇచ్చింది.

డబ్బు కన్నా ఘోరమైంది ఇంకోటుంది, జనం తీర్పు. 1996లో పన్నెండేళ్ల పిల్లవాడు యాంకీ స్టేడియంలో గోడ మీదుగా చెయ్యి చాచి బంతిని లాగేశాడు, అంపైర్ అది హోమ్ రన్ అన్నాడు, సొంత జట్టు గెలిచింది, ఊరు పిల్లవాణ్ని నెత్తిన పెట్టుకుంది. 2003 అక్టోబర్ 14న రిగ్లీ ఫీల్డ్‌లో ఒక అభిమాని తన సీటు వైపు వచ్చిన ఫౌల్ బంతికి చెయ్యి పెట్టాడు. పక్కనున్నవాళ్లూ పెట్టారు. బంతి అతనికే తగిలింది, ఆటగాడికి క్యాచ్ తప్పింది. కబ్స్ అప్పుడు 3-0 ఆధిక్యంలో ఉంది, ఆ ఇన్నింగ్స్‌లోనే ఎనిమిది పరుగులు ఇచ్చుకుని ఓడిపోయింది. జనం అతని మీద బీరు పోశారు, భద్రతా సిబ్బంది ముసుగేసి బయటికి తీసుకెళ్లారు. అతని పేరు ఇక్కడ రాయదలుచుకోలేదు, రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. అతను చేసింది ఫిలడెల్ఫియా పిల్లవాడు చేసిన సహజమైన పనే. 2016లో కప్పు గెలిచాక మరుసటి ఏడాది కబ్స్ యజమానులు అతనికి కూడా విజేతల ఉంగరం ఇచ్చారు. బాగా ఆలస్యంగా జరిగిన న్యాయం.

2025 సెప్టెంబర్‌లో మయామీలో ఒక తండ్రి హోమ్ రన్ బంతి తెచ్చి కొడుక్కిస్తే, అది తనదని ఒకావిడ వాదించి తీసుకుంది. ఆ వీడియో లోకమంతా తిరిగింది. ఏ సంబంధమూ లేని స్త్రీలను ఆమే అనుకుని తిట్టిపోశారు. 1920ల్లో జడ్జి ఒక్క పూటలో తేల్చి పంపిన వ్యవహారానికి ఇప్పుడు తీర్పరులు కోట్లమంది, ఇంటికి పంపేవాడు ఒక్కడూ లేడు. బంతి చరిత్రలో మనం పోగొట్టుకున్న వాటిలో అన్నిటికన్నా విలువైంది ఆ జడ్జి ఓర్పే.

డల్లాస్ పక్కన ఆర్లింగ్టన్‌లోనో, న్యూయార్క్‌లోనో మ్యాచ్‌కి వెళ్లే మనవాళ్లకు ఒక మాట. గ్లవ్ ఉంటే తీసుకెళ్లండి, ఫోన్‌లోంచి తల ఎత్తి ప్రతి బంతినీ చూడండి. గ్యాలరీలోకి వచ్చిన బంతి మీద మీకూ ఆటగాడికీ సమాన హక్కే. గోడ దాటి మైదానంలోకి మాత్రం చెయ్యి చాపకండి, అడ్డుపడినట్టు తేలితే అంపైర్ బ్యాటర్‌ను ఔట్ ఇవ్వొచ్చు. బంతి కోసం పిల్లల మీదుగా పడకండి. దొరికితే పక్క సీటు పిల్లవాడికిస్తే సంతోషం, ఇవ్వకపోతే తప్పేమీ లేదు. ఇంకెవరో బంతి ఇవ్వలేదన్న వీడియో మీ దాకా వస్తే, దాన్ని ముందుకు పంపకండి.