యంత్రానికి పీట: ఇంజను మౌంటింగుల కథ



ఛందస్సూ వ్యాకరణమూ చెప్పుకొని బతికిన పంతులు ఇనుప సామాను మీద వ్యాసం రాయబోవడమేమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చును. నవ్వండి, తప్పు లేదు. కానీ ఇంజనుకూ బండికీ నడుమ అణగి కూర్చునే మౌంటింగు అనే చిన్న వస్తువుకు ఒక పెద్ద చరిత్ర ఉన్నది. దాని చుట్టూ కంపెనీల పోటీ నడిచింది, వర్తకం నడిచింది, ప్రాణాలకు ముప్పు కూడా వచ్చింది. మన భాషలో దీన్ని గురించి ఎవరూ రాసినట్టు నా కంటబడలేదు గనుక ఈ సాహసం.

మన ఎద్దుబండినే తీసుకోండి. ఇరుసు, నొగలు, కాడి, సీలలు... ఇవన్నీ గట్టి కర్రా ఇనుమూను. కానీ బండిని లాగే శక్తి, అనగా ఎద్దు, బండికి ఎలా తగులుకొని ఉన్నది? మెడ మీద కాడి ఊరకే ఆని ఉంటుంది. పట్టెడతో, పలుపుతో వదులుగా కట్టి ఉంటుంది. ఎద్దు తల విదిలించినా, అడుగు తడబడినా ఆ కుదుపు నేరుగా బండిలోకి రాదు. శక్తినిచ్చే వస్తువును వాహనానికి బిగదీసి కట్టకూడదని మన వడ్రంగులకు ఏ శాస్త్రమూ చదవకుండానే తెలుసు. మోటారుబండి పుట్టిన కొత్తలో ఈ మర్మాన్ని కొంతకాలం మరచిపోయారు. ఇంజనును చట్రానికి బోల్టులతో బిగించేశారు, ఇంజను వణికితే బండి వణికింది, బండి వణికితే అందులో కూర్చున్న మనిషి పళ్ళు కూడా వణికాయి.

1908లో వచ్చిన ఫోర్డు మోడల్-టీ కారులో ఈ విషయంలో కొంత తెలివి కనబడుతుంది. దాని ఇంజనును నాలుగు మూలలా కాక మూడు చోట్ల మాత్రమే నిలిపారు: ముందర ఒకచోట, వెనుక ఇరుప్రక్కలా రెండు చేతుల మీద. గతుకుల దారిలో చట్రం మెలితిరిగితే నాలుగు చోట్ల బిగించిన ఇంజను కూడా దానితోపాటు మెలితిరగవలసి వస్తుంది. పోత ఇనుము మెలితిరగదు, పగులుతుంది. మూడుకాళ్ళ పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా కుదురుగా నిలుస్తుంది కదా, అదే సూత్రం. ఆ వెనుక చేతులు చట్రానికి తగిలేచోట కర్రముక్కలు దూర్చారు. అయితే ఇది ఇంజనును విరగకుండా కాపాడే ఉపాయమే తప్ప, మనిషిని వణుకు నుంచి కాపాడేది కాదు.

అసలు ఆ వణుకెక్కడిది? నాలుగు సిలిండర్ల ఇంజనులో రెండు పిస్టన్లు పైకి పోతుంటే రెండు కిందికి వస్తాయి, లెక్క సరిపోయినట్టే కనబడుతుంది. కానీ పిస్టనుకూ క్రాంకుకూ నడుమ ఉన్న కడ్డీ ఏటవాలుగా కదలడం వల్ల, పిస్టను తన దారిలో పై సగాన్ని కింది సగం కంటె వేగంగా దాటుతుంది. అందుచేత పైకి పోయే జంటా కిందికి వచ్చే జంటా ఒకదాన్నొకటి పూర్తిగా సరిపెట్టుకోవు. మిగిలిపోయిన బలం క్రాంకు తిరిగే ప్రతి చుట్టుకూ రెండుసార్లు ఇంజనును పైకీ కిందికీ కుదుపుతుంది. ఇది చాలదన్నట్టు, చుట్టుకు రెండుసార్లు సిలిండర్లలో మంట అంటుకున్నప్పుడల్లా ఇంజను పక్కకు ఒరగజూస్తుంది. ఇంగ్లండులో లాంచెస్టరు అనే మహానుభావుడు మొదటి కుదుపును అణచడానికి ఎదురు తూకాలు కట్టిన ఇరుసులు తిప్పే ఉపాయాన్ని గత శతాబ్దపు తొలి సంవత్సరాలలోనే కనిపెట్టాడు. అది ఖరీదైన పని. కనుక డబ్బున్నవారు ఆరు సిలిండర్ల, ఎనిమిది సిలిండర్ల కార్లు కొనుక్కున్నారు. లేనివారు వణుకుతూ ప్రయాణం చేశారు.

1929లో మొదలైన ఆర్థిక మాంద్యంలో ఈ తేడా వ్యాపారానికి ప్రాణసంకటమైంది. క్రైస్లర్ కంపెనీ వారి చవక కారు పేరు ప్లిమత్, 1928లో పుట్టింది. దానికున్నవి నాలుగు సిలిండర్లే. పోటీదారు షెవ్రొలేకు 1929 నుంచే ఆరు. ప్లిమత్‌కు ఆరు సిలిండర్లు పెడితే ధర పెరుగుతుంది, పెట్టకపోతే కొనేవాడు రాడు. అప్పుడు 1931లో ఆ కంపెనీ ‘ఫ్లోటింగ్ పవర్’ అనే పేరుతో ఒక ఏర్పాటును ముందుకు తెచ్చింది. ‘తేలియాడే శక్తి’ అనుకోవచ్చు. ఇంజనును మార్చలేదు, అది కూర్చునే తీరును మార్చారు.

ఈ ఏర్పాటు నాకు ఎంతో ముచ్చట గొలుపుతుంది, కాస్త నిదానంగా చెప్పనివ్వండి. పసిపిల్లను పడుకోబెట్టే తొట్టి ఉయ్యాలను రెండు కొసల దగ్గర తాళ్ళతో వేలాడదీస్తాము. ఆ రెండు కొసలను కలిపే గీత చుట్టూ అది సుఖంగా ఊగుతుంది. అలాగే ప్రతి ఇంజనుకూ తనంతట తాను ఒరగదలచుకొనే ఒక సహజమైన గీత ఉంటుంది. అది ఇంజను బరువు కేంద్రం గుండా పోతుంది. ముందువైపు ఎత్తుగా, వెనుక గేరుబాక్సు వైపు పల్లంగా వాలి ఉంటుంది. పూర్వం బోల్టులు వేసే చోటు ఈ గీతకు ఎక్కడో దూరంగా ఉండేది, అందుచేత ఇంజను ఒరగబోయినప్పుడల్లా చట్రాన్ని పట్టి లాగేది. క్రైస్లర్ ఇంజనీర్లు ముందరి ఆనికను పైన నీళ్ళ పంపు దగ్గరకు ఎత్తారు, వెనుక ఆనికను గేరుబాక్సు అడుగుకు దించారు. రెంటినీ కలిపితే వచ్చేది ఆ సహజమైన గీతే! రెండుచోట్లా ఇనుముకు అంటించిన రబ్బరు దిమ్మలు. మరీ ఊగిపోకుండా పక్కన ఒక కమాను పట్టీ. ఇంజను తన ఇష్టం వచ్చినట్టు ఒరుగుతూనే ఉంటుంది, ఆ సంగతి కారులో కూర్చున్నవారికి తెలియదు.

ఎనిమిది సిలిండర్ల మెత్తదనం, నాలుగింటి పొదుపు అని వారు ప్రకటనల్లో చాటుకున్నారు. ప్రకటనల భాషలో అతిశయోక్తి సహజాలంకారమే అయినా, ఈసారి సరుకు కూడా ఉన్నది. దేశమంతా దివాలా తీస్తున్న ఆ రోజుల్లో ప్లిమత్ అమ్మకాలలో ఫోర్డు, షెవ్రొలేల తరువాతి స్థానానికి ఎక్కి కూర్చుంది. వాల్టర్ క్రైస్లర్ ఆ కొత్త కార్లలో ఒకదాన్ని స్వయంగా నడుపుకుంటూ హెన్రీ ఫోర్డు దగ్గరకు వెళ్ళి చూపించి, కారును అక్కడే కానుకగా వదిలి, టాక్సీలో ఇంటికి వెళ్ళాడని చెబుతారు. పోటీదారు ఇంటికి వెళ్ళి కావ్యం వినిపించి రావడమంటే ఇదే!

ఆ విద్యను ఫ్రాన్సు దేశపు సిట్రోయెన్ కంపెనీ లైసెన్సు పుచ్చుకొని 1932లో తన కార్లకు తగిలించింది. దానికి గుర్తుగా తమ చిహ్నానికి ఒక హంసను జోడించారు. నీటి మీద తేలే హంస! మన కవులు హంసకు మందగమనాన్ని ఆపాదించారు, ఫ్రెంచివారు దాన్ని రబ్బరు దిమ్మకు సంకేతం చేశారు. ఉపమానం ఎక్కడికైనా పోగలదు.

హెన్రీ ఫోర్డు మాత్రం ఇంకో దారి తొక్కాడు. 1932లో సామాన్యుడు కొనగలిగిన ధరకే ఎనిమిది సిలిండర్ల వీ-8 ఇంజనును దింపాడు. అక్కడి కుర్రకారు పాత తేలిక బళ్ళలోని నాలుగు సిలిండర్ల ఇంజను పీకేసి, ఈ వీ-8ను అందులో కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. కాలిఫోర్నియాలో ఎండిపోయిన చెరువు నేలల మీద పందేలు ఆడేవారు. రెండవ ప్రపంచయుద్ధం నుంచి తిరిగివచ్చిన యువకులతో ఈ వేడుక ఊపందుకున్నది. 1948 జనవరిలో ‘హాట్ రాడ్’ అనే పత్రికే వెలిసింది. 1949లో క్యాడిలాక్, ఓల్డ్స్‌మొబీల్ కొత్త వీ-8లు, 1955లో షెవ్రొలే వారి చిన్న వీ-8 వచ్చాక, ఏ ఇంజనును ఏ బండిలో పెట్టాలన్నదే ఆ కుర్రవాళ్ళకు నిత్యపారాయణమైంది.

ఇక్కడే మన మౌంటింగు మొండికేస్తుంది. ఒక కంపెనీ ఇంజనుకు ఆనిక ముందువైపు ఉంటే, మరొకదానికి పక్కల ఉంటుంది. 1937 తరువాతి ఫోర్డు వీ-8లో ముందరి ఆనికలు నీళ్ళ పంపులతోనే కలిసి ఉండేవి, పంపు విప్పాలంటే ఇంజనుకు వేరే ఆసరా పెట్టవలసిందే. షెవ్రొలే ఇంజనుకైతే మొదట ముందు ముఖాన ఉన్న ఆనికలు 1958 నుంచి పక్కలకు వచ్చాయి. పాత బండి చట్రానికి కొత్త ఇంజను పొంతన కుదర్చాలంటే మధ్యలో ఎవరో ఒకరు పీట చేసి ఇవ్వాలి. జార్జి హర్స్ట్ అనే ఆయన భాగస్వామితో కలిసి 1950ల చివర పెన్సిల్వేనియాలో అటువంటి మౌంటింగులు తయారుచేయడంతోనే వ్యాపారం మొదలుపెట్టాడు. తరువాత గేరు కర్రలతో గొప్ప పేరు తెచ్చుకున్నాడు. ప్రమాదాల్లో నుజ్జయిన కార్లను చీల్చి మనుషులను బయటికి తీసే ‘జాస్ ఆఫ్ లైఫ్’ అనే పనిముట్టుకు ఆద్యుడు కూడా ఆయనే.

మన దగ్గర ఈ ఇంజను మార్పిడికి వేగమో పందెమో కారణం కాదు, డీజిలు ధర. పెట్రోలుకూ డీజిలుకూ ధరలో చాలా తేడా ఉన్న ఆ రోజుల్లో జీపులకూ అంబాసిడర్లకూ పెట్రోలు ఇంజను దించి డీజిలు ఇంజను ఎక్కించడం మన ఊళ్ళలో మామూలు సంగతి. 1994 వేసవి సెలవుల్లో మా మేనల్లుడు అద్దెకు తిప్పుకొనే జీపుకు ఈ శస్త్రచికిత్స మా అక్కయ్యగారింటి పశువుల పాకలోనే జరిగింది. అప్పు చేసి కొన్న పాత డీజిలు ఇంజను. అది కుదరకపోతే ఆ ఏడాది వాడికి తిండిగింజలకే ఇబ్బంది. విజయవాడ ఆటోనగర్ నుంచి వచ్చిన మేస్త్రి పాక దూలానికి గొలుసు కప్పీ కట్టి ఇంజనును దించాడు. ఎడమవైపు మౌంటింగు కుదిరింది, వెనుక గేరుబాక్సుది కుదిరింది. కుడివైపుది మాత్రం పావు అంగుళం ఎడంగా నిలిచిపోయింది. ఎంత నెట్టినా రాదు.

“మావయ్యా, కాస్త లైటు ఇటు పట్టు, రంధ్రం ఆకురాయితో పెద్దది చేసేస్తాను” అన్నాడు మేనల్లుడు.

మేస్త్రి వాడి చెయ్యి పట్టుకొని ఆపాడు. “రంధ్రానిది తప్పు కాదు బాబూ. మిగతా రెండూ నువ్వు బిగించేశావు, ఇక ఇది ఎక్కడికి కదులుతుంది? చూడండి మాస్టారూ, ముందు అన్ని బోల్టులూ తగిలించాలి, ఏదీ బిగించకూడదు” అన్నాడు.

బిగించినవన్నీ వదులు చేయించాడు. గేరుబాక్సు కింద చెక్కముక్క పెట్టి జాకీతో వెంట్రుకవాసి చొప్పున ఎత్తాడు. కొన సన్నగా, మొదలు లావుగా ఉన్న ఉక్కు కడ్డీ ఒకటి మొండి రంధ్రంలోకి దూర్చి మెల్లగా ఒరగదీశాడు. ఇంజను మూలిగినట్టు కదిలింది, రంధ్రంలో రంధ్రం కనబడింది, బోల్టు వేళ్ళతో తిప్పితేనే దిగిపోయింది. బోల్టును బిగించి ఇంజనును లాగుదామనుకొంటే మరలు చెడతాయి, రబ్బరు మెలిపడి ఉండిపోతుంది, మెలిపడిన రబ్బరు త్వరగా చిరుగుతుంది అని చెప్పాడు. అన్నీ తగిలించాక ఇంజనును కాసేపు నిదానంగా తిరగనిచ్చి, అది తన చోటు తాను వెతుక్కున్నాక అప్పుడు బిగించాడు. 1931లో ఆ ఇంజనీర్లు లెక్కలు కట్టి పట్టుకున్న గీతను ఇతడు ఇంజనునే అడిగి తెలుసుకున్నాడు!

వ్యాకరణంలో రెండచ్చులకు సంధి పొసగని చోట నడుమ యకారం వచ్చి కూర్చుంటుందని నేను ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పాను. రెండిటినీ తమ తమ స్వరూపాలతో ఉండనిచ్చి, ఉచ్చారణకు మెత్తదనం తెచ్చేదే యడాగమం. ఆ రాత్రి ఆ రబ్బరు దిమ్మను చూసినప్పుడు నాకు స్ఫురించినది అదే. పండితుడికి లోకమంతా వ్యాకరణమే అని మా అక్కయ్య ఎగతాళి చేసిందనుకోండి.

ఇంజను నంబరు రిజిస్ట్రేషను పుస్తకంలో ఉంటుంది గనుక, మార్పిడికి రవాణా అధికారుల అనుమతి కావాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ఇటువంటి మార్పుల సంగతే చెబుతుంది. మావాడు ఆ పని కూడా చేయించుకున్నాడు.

ఆ కుడి మౌంటింగు కోసం మేస్త్రి అంత పట్టుబట్టడానికి కారణం నాకు ఆనాడు పూర్తిగా బోధపడలేదు. అమెరికాలో 1971లో జరిగిన ఉదంతం చదివాక బోధపడింది. 1965 నుంచి 1969 వరకు తయారైన షెవ్రొలే బళ్ళలో ఇనుమును అంటుకున్న రబ్బరు కాలక్రమాన ఊడిపోవడం మొదలైంది. వీ-8 ఇంజను బలంగా లాగినప్పుడు దాని ఎడమవైపు పైకి లేవజూస్తుంది. అక్కడి కార్లలో అది డ్రైవరు వైపు. పట్టి ఉంచవలసిన రబ్బరు ఊడిపోయి ఉంటే ఇంజను నిజంగానే లేస్తుంది. లేచినప్పుడు కాలి కింది పెడలు నుంచి కార్బురేటరుకు పోయే కడ్డీ లాగబడి, పెట్రోలు ద్వారం మరింత తెరుచుకుంటుంది. దానితో ఇంజను ఇంకా బలంగా లాగుతుంది, ఇంకా లేస్తుంది. అదే ఊపులో బ్రేకుకు సాయపడే గొట్టం కూడా ఊడిపోవచ్చు. కాలు తీసినా కారు ఆగదు, తొక్కినా బ్రేకు సులువుగా పడదు! ప్రమాదాలు జరిగాయి, ఫిర్యాదులు వచ్చాయి, ప్రభుత్వం ఒత్తిడి తెచ్చింది. చివరకు ఆ డిసెంబరులో జనరల్ మోటార్స్ సుమారు 67 లక్షల బళ్ళను వెనక్కి పిలిచింది. అంతవరకు ఏ కంపెనీ అన్ని బళ్ళను పిలిచి ఎరుగదు.

పిలిచి ఏం చేశారు? అన్నిటికీ కొత్త మౌంటింగులు వేశారనుకుంటున్నారా? లేదు. ఇంజను మరీ పైకి లేవకుండా ఒక ఇనుప తీగతాడు కట్టి పంపించారు. ఎద్దుకు పలుపు కట్టినట్టే! ఆ తరువాత వచ్చిన మౌంటింగులలో రబ్బరు పూర్తిగా తెగినా రెండు ఇనుప రేకులు ఒకదానిలో ఒకటి చిక్కుకొని ఇంజనును పట్టి ఉంచేటట్టు అమరిక చేశారు. రబ్బరు లోపల ద్రవం నింపి వణుకును మింగించే మౌంటింగులు ఇంకా తరువాత వచ్చాయి. ఇప్పటి విద్యుత్తు కార్లలో మంటా లేదు, పిస్టనూ లేదు, అయినా మోటారు కింద రబ్బరు దిమ్మలు ఉంటూనే ఉన్నాయి.

మీ కారు పాతదైతే ఈసారి సర్వీసుకు ఇచ్చినప్పుడు మెకానికును అడగండి. బానెట్టు ఎత్తి, ఒకరు బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకొని గేరులో ఉంచి కొద్దిగా యాక్సిలరేటరు ఇస్తే, మరొకరు పక్కన నిలబడి ఇంజను ఎంత లేస్తున్నదో చూస్తారు. చూసేవారు కారుకు ఎదురుగా మాత్రం నిలబడరాదు.