అంచు చెక్కే కత్తి: ఇస్లామీయ గ్రంథబంధనంలో ఒక చేతి విద్య

జగదేవ్‌పూర్ గజ్వేలుకూ భువనగిరికీ నడుమ ఉన్న మెట్ట ప్రాంతపు ఊరు. 2016లో సిద్దిపేట జిల్లా ఏర్పడేవరకు ఇది మెదక్ జిల్లాలో ఉండేది. తెలంగాణలోని తక్కిన మెట్ట నేలలలో వలెనే ఇక్కడా తంగేడు ఎవరూ నాటకుండానే పెరుగుతుంది. దాని పూవు బతుకమ్మకు చేరితే, దాని చెక్క పూర్వం లందకు చేరేది. పశువు తోలును సున్నపు నీటిలో నానబెట్టి, వెంట్రుకలు ఊడదీసి, లోపలి కండ గీకి, తంగేడు చెక్క ఊరిన నీటిలో రోజుల తరబడి ఉంచి పదును పెట్టడం ఈ పల్లెలలో మాదిగల వృత్తి. కొన్నిచోట్ల తోలునే సంచివలె కుట్టి, లోపల చెక్క దట్టించి, నీరు పోసి వ్రేలాడదీసేవారు. అట్లా తయారైన తోలు చెప్పులకు, పశువుల పట్టెడలకు, మోటబావుల బొక్కెనలకు, తొండాలకు పోయేది. దొరలకూ అధికారులకూ ఈ వస్తువులను వెట్టిగా, అంటే కూలి లేకుండా, ఇచ్చుకోవలసి ఉండేదన్న సంగతి నిజాం కాలపు తెలంగాణ చరిత్ర చదివినవారికి తెలిసినదే.

ఈ వృత్తిలో ఆరె రంధ్రం చేస్తుంది, గూటం అణుస్తుంది, రంపె కోస్తుంది. రంపె చేసే పనులలో మిక్కిలి కష్టమైనది అంచు చెక్కడం. రెండు తోలు ముక్కలను ఒకదానిపై ఒకటి చేర్చి కుట్టేటప్పుడు వాటి అంచులను ఏటవాలుగా పలుచన చేయకపోతే కుట్టు వద్ద గట్టు ఏర్పడుతుంది. చెప్పులో ఆ గట్టు పాదాన్ని ఒరుస్తుంది. బొక్కెనలో అక్కడినుంచే నీరు కారుతుంది. ఉర్దూ మాట్లాడే తోలు పనివారు ఈ కత్తిని రాంపీ అంటారు. పేర్లు రెండూ ఒకే మూలానివని వినగానే తోస్తుంది.

ఇదే పనికి అరబ్బీ గ్రంథబంధకులు వాడిన మాట బష్ర్. బషరా అంటే చర్మపు పైపొర. తోలు పైపొరను గీకి తీయడానికి ఇదే ధాతువు నుంచి క్రియ ఏర్పడింది. దివ్య ఖురానులో మనిషికి వాడిన బషర్ అనే పదం కూడా ఈ ధాతువుదే. ఖురాను పదాలకు నిఘంటువు రచించిన రాగిబ్ ఇస్ఫహానీ దీనికి చెప్పిన కారణం ఆసక్తికరమైనది. ఇతర జీవుల చర్మం ఉన్నితోనో వెంట్రుకలతోనో కప్పబడి ఉంటుంది, మనిషి చర్మం బయటికి కనబడుతుంది గనుక అతడు బషర్ అయినాడట. తోలు పనివాడి మాటా, మనిషి అనే మాటా ఒకే ఇంట పుట్టినవన్నమాట.

గ్రంథబంధనంలో ఈ విద్యకు ఇంత ప్రాధాన్యం ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఇస్లామీయ జిల్దు నిర్మాణం తెలియాలి. యూరపు పుస్తకాలలో అట్ట కాగితాలకంటే కొంచెం బయటికి వస్తుంది. ఇస్లామీయ జిల్దులో అట్ట కాగితాల అంచుతో సమానంగా నిలుస్తుంది. ఎడమవైపు అట్టనుంచి ఒక రెక్క బయలుదేరి, పుటల అంచును కప్పి, చివర అయిదు కోణాల నాలుకగా ముగుస్తుంది. దీనిని లిసాన్, అంటే నాలుక, అనే పిలుస్తారు. పుస్తకం తెరిచిన ప్రతిసారీ ఆ రెక్క రెండుచోట్ల మడతపడుతుంది. తోలు అక్కడ మందంగా ఉంటే మడత పడదు, బలవంతంగా మడిస్తే పుస్తకం మూయబడదు. మరీ పలుచగా ఉంటే కొన్నేళ్లలోనే తెగిపోతుంది. అట్ట అంచుమీదుగా లోపలికి మడిచే తోలు సంగతీ అంతే. దాని అంచు సరిగా చెక్కకపోతే, లోపల అతికించిన కాగితం లేదా పలుచని తోలు కింద ఆ గట్టు గీతవలె పైకి తేలుతుంది. పైన బంగారు నీటితో ఎంత అందమైన పతకం అద్దినా ఈ గీతను దాచలేదు.

ఈ కళమీద అరబ్బీలో వ్రాసిన పుస్తకాలు తక్కువే. ఉత్తర ఆఫ్రికాలోని జీరీ వంశపు పాలకుడు ముయిజ్ ఇబ్న్ బాదీస్ (పాలన 1016–1062) పేరుతో వచ్చిన 'ఉమ్దతుల్ కుత్తాబ్'లో పన్నెండవ అధ్యాయం జిల్దుకట్టు గురించినది. సిరాలు, రంగులు, కాగితం గురించి చెప్పిన తరువాత గ్రంథకర్త ఇక్కడ పనిముట్లను వివరిస్తాడు. నున్నని రాతి పలక, సానరాయి, షఫ్రా అనే కత్తి, ఆరె, కత్తెర, సూదులు, బిగించే చట్రం ఇందులో కనబడతాయి. రెండవది సెవిల్లెకు చెందిన బక్ర్ ఇబ్న్ ఇబ్రాహీం అల్ ఇష్బీలీ రచన 'కితాబుత్ తైసీర్'. ఇది అల్‌మొహద్ పాలకుడు యఅఖూబ్ అల్ మన్సూర్ (పాలన 1184–1199)కు అంకితమైనది. దీని మూలపాఠం 1959–60లో మాడ్రిడ్‌లోని ఇస్లామీయ అధ్యయన సంస్థ పత్రికలో మొదటిసారి అచ్చయింది. మూడవది మొరాకోలో అల్ సుఫ్యానీ 1619లో వ్రాసిన చిన్న గ్రంథం.

రాజులకు అంకితమిచ్చిన పుస్తకాలలో కూడా కత్తి, పలక, సానరాయి ఇంత స్థలం ఆక్రమించడం గమనించదగినది. అయితే ఈ గ్రంథాలు చదివి ఎవరూ జిల్దుకట్టు నేర్చుకోలేరు. పనిముట్టు పేరు చెప్పవచ్చు, పని వరుస చెప్పవచ్చు. కత్తిని ఎంత వాల్చాలో మణికట్టుకు చెప్పగలిగేది మరొక చేయి మాత్రమే.

కొత్తగా చేరిన శిష్యుడికి మొదట దొరికేది తోలు కాదు, సానరాయి. పదును లేని కత్తి తోలును కోయదు, లాగుతుంది. లాగిన తోలు సాగి ముడతలు పడుతుంది. ఆ తరువాత రాతి పలక. తోలు నున్నని ముఖం కిందికి, కండవైపు పైకి వచ్చేటట్లు పరుస్తారు. పలకమీద ఒక ఇసుక రేణువున్నా చాలు, కత్తి వచ్చేసరికి దానిపైనున్న తోలు ఉబ్బి, అక్కడే చిల్లు పడుతుంది. అందుచేత పలక తుడవడం కూడా పాఠంలో భాగమే. కత్తిని పలకకు దాదాపు ఆనించినట్లు వాల్చి, అంచుకు వేలెడు దూరంలో మొదలుపెట్టి, అంచు వైపు నెట్టాలి. ఒక్క ఊపున తీయాలనుకున్నవాడు తోలును పాడుచేస్తాడు. పొట్టువలె పలుచని ముక్కలు లేస్తూ ఉండాలి. నడుమ నడుమ తోలును మడిచి రెండు వేళ్ల సందున జరిపి చూడాలి. గట్టు ఎక్కడుందో కంటికంటే ముందు వేలికే తెలుస్తుంది.

ఒకే తోలు అంతటా ఒకేవిధంగా ఉండకపోవడం మరొక చిక్కు. మేక తోలు వెన్నుపై మందంగా, పొట్టవైపు వదులుగా ఉంటుంది. వెన్నుపై నడిచిన ఒత్తిడితోనే పొట్టమీద నడిపితే కత్తి దిగబడుతుంది. చెక్కిన తోలును తిరిగి మందం చేసే ఉపాయం ఏదీ లేదు. ఒక రోజు పనినంతటినీ చివరి గీకు చెరపగలదు గనుక, శిష్యుడు అన్నిటికంటే ఆలస్యంగా నేర్చుకునేది ఎక్కడ ఆపాలో తెలుసుకోవడమే.

ఈ విద్య తెలిసినవారు ఎటువంటివారో చెప్పే ఉదాహరణలు కొన్ని ఉన్నాయి. ఇబ్న్ నదీమ్ తన 'ఫిహ్రిస్త్' (987)లో పండితులతోపాటు కొందరు జిల్దుకట్టేవారి పేర్లనూ నమోదు చేశాడు. వారిలో ఇబ్న్ అబిల్ హరీష్ ఖలీఫా మామూన్ గ్రంథాలయంలో పనిచేసినవాడు. భూగోళ శాస్త్రజ్ఞుడు ముఖద్దసీ స్వయంగా జిల్దుకట్టడం తెలిసినవాడు. యెమన్ ప్రజలు మంచి జిల్దులంటే ఇష్టపడతారనీ, ఒక ఖురాను ప్రతికి తనకు రెండు దీనార్ల వరకు ముట్టినదనీ వ్రాసుకున్నాడు. యాత్రికుడికి కలంకంటే కత్తి ఎక్కువ సంపాదించి పెట్టిందేమో! హనఫీ న్యాయవేత్త అబూబక్ర్ అల్ ఖస్సాఫ్ (మరణం 874) న్యాయాధికారుల విధుల మీద, వక్ఫుల మీద ప్రామాణిక గ్రంథాలు వ్రాశాడు. ఆయన జీవిక చెప్పులు కుట్టడం. ఖస్సాఫ్ అనే పేరుకు అర్థమే అది.

తోలు శుద్ధి విషయంలో ధర్మశాస్త్రం స్పష్టంగానే ఉంది. చనిపోయిన మేకను పారవేసినవారిని, దాని తోలును ఎందుకు ఉపయోగించుకోలేదని ప్రవక్త ముహమ్మద్ (స) అడిగినట్లు హదీసులో ఉన్నది. చచ్చినది తినడమే నిషిద్ధమని ఆయన వివరించారు. పదును పెట్టడంతో పశువు తోలు పరిశుద్ధమవుతుందని హనఫీలు, షాఫియీలు అంగీకరిస్తారు. మాలికీ, హంబలీ సంప్రదాయాలలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. తోలు శుద్ధమైనది సరే, తోలు పదును పెట్టే చేతి మాట ఏమిటి? వివాహంలో సమాన హోదాను చర్చించిన సందర్భంలో హనఫీ న్యాయవేత్తలే తోళ్లు పదును పెట్టేవారిని నేతగాండ్లతోపాటు తక్కువ వృత్తులవారిలో చేర్చారు. ఖస్సాఫ్‌ను తమ ఇమాములలో లెక్కించుకున్న సంప్రదాయమే ఈ మాట అనడం విచిత్రం. దక్కనులో కులవ్యవస్థ దీనికి తోడైంది. లంద ఊరి బయట, జిల్దు గ్రంథాలయం లోపల.

గోల్కొండ కుతుబ్‌షాహీల (1518–1687) కాలంనుంచి దక్కనులో అరబ్బీ, ఫారసీ, దక్కనీ వ్రాతప్రతులు విరివిగా తయారయ్యాయి. హైదరాబాదులో 1891లో ఆసఫియా గ్రంథాలయం ఏర్పడినప్పుడూ, 1951లో సాలార్‌జంగ్ మ్యూజియం తెరిచినప్పుడూ అట్టి ప్రతులకు నిలయాలు దొరికాయి. ఈ ప్రతుల జిల్దుల విషయంలో తంగేడు కథ మళ్లీ ఎదురవుతుంది.

పందొమ్మిదవ శతాబ్దిలో ఈ చెక్కతో పదునెక్కిన మేక, గొర్రె తోళ్లు మద్రాసు రేవునుంచి పెద్దయెత్తున లండనుకు వెళ్లాయి. అక్కడి వర్తకులు వాటికి 'పర్షియన్' అని పేరు పెట్టారు. పుస్తకాల తోలు ఎందుకు త్వరగా పాడవుతున్నదో తేల్చడానికి లండనులోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ నియమించిన సంఘం 1901లో నివేదిక ఇచ్చింది. ఉర్దూలో తర్వార్ అనే ఈ తంగేడు చెక్క తోలు పుస్తకాలకు బొత్తిగా పనికిరాదనీ, వెలుతురు, గ్యాసు దీపాల పొగ తగిలితే ఎర్రబారి పొడి రాలుతుందనీ తేల్చింది. సుమాక్ ఆకుతో పదును పెట్టిన తోలే మన్నుతుందని చెప్పింది. చెప్పుకూ బొక్కెనకూ లోపం కానిది పుస్తకానికి లోపమైంది. పల్లె లందలో పనిచేసిన మనిషి నైపుణ్యానికి దీనితో సంబంధం లేదు. బొక్కెన నూరేళ్లు నిలవాలని ఎవరూ కోరలేదు గదా. ఆ నివేదిక మరొక తప్పు కూడా ఎత్తిచూపింది. సొగసు కోసం మడత దగ్గర తోలును మితిమీరి చెక్కడం వలన పుస్తకాల కీళ్లు తెగుతున్నాయన్నది. ఆపవలసిన చోట ఆపకపోవడం లండను కార్ఖానాలలో కూడా జరిగింది.

పాత జిల్దులకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది కొత్త జిల్దు. అనేక దేశాల గ్రంథాలయాలలో తెగిన ఇస్లామీయ జిల్దులను తీసివేసి, లిసాన్ లేని యూరపు పద్ధతి అట్టలు వేశారు. మూల జిల్దును నిలుపుకొని బాగుచేయాలంటే మళ్లీ కత్తి పట్టక తప్పదు. తెగిన కీలు వద్ద పాత తోలు అంచును జాగ్రత్తగా పైకెత్తి, కొత్త తోలు పట్టీని కిందికి జొనిపి అతికిస్తారు. ఆ పట్టీకి ఇరువైపులా అంచు చెక్కాలి. పాత తోలును దానిపై పరిచిన తరువాత వేలితో రాస్తే గట్టు తగలకూడదు, మడిచినప్పుడు కొత్త పట్టీ పాతదానికంటే ముందు వంగాలి.